అందరి ఊపిరీ ఇరవయ్యేనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి ఎనిమిది నెలలుగా గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. తెనాలి నుంచి రోజూ రైల్లో వస్తాను. మాది 22 బెడ్ల మెడికల్ వార్డు. నైట్ డ్యూటీలో ఇద్దరం ఉంటాం. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఆరు లోపల అందరి వైటల్సూ (జ్వరం, నాడి, ఊపిరి, బీపీ) చార్టులో ఎక్కించాలి. మొన్న ఒక పెద్దాయనకు నిమిషానికి రెస్పిరేషన్, అంటే ఊపిరి, లెక్కపెడితే 28 వచ్చింది. అదే రాశాను. పొద్దున డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో మా ఇన్‌ఛార్జి సిస్టర్ చూసి, "మనం అందరికీ 20 రాస్తాం. నువ్వొక్కదానివి 28 రాస్తే డాక్టర్ గారు మమ్మల్ని నిలదీస్తారు, మార్చెయ్" అన్నారు. నేను మార్చలేదు. అప్పటి నుంచి ఆవిడ నాతో ముభావంగా ఉంటున్నారు. బరువు సంగతి ఇంకా అన్యాయం. తూకం మిషన్ కింద ఓపీలో ఉంటుంది, వార్డులోకి వచ్చినవాళ్ళను "ఎన్ని కేజీలు ఉంటారు?" అని అడిగి రాసేస్తాం. ఇంత పనిలో అన్నీ సరిగ్గా చూడటం నిజంగా కుదిరే పనేనా? కుదరనప్పుడు ఏదో ఒకటి రాయడం నయమా, ఖాళీగా వదిలేయడం నయమా? ఒకవేళ తప్పు రాస్తే ఎలా దిద్దాలి? – ఒక స్టాఫ్ నర్సు, తెనాలి

జవాబు: అమ్మాయ్, నువ్వు ఆ 28ని మార్చకపోవడం సరైన పనే. ఈ మాట ముందే చెప్పేస్తే నీ టెన్షన్ సగం తగ్గుతుంది. మిగతా సగం మాత్రం నేనే పెంచాల్సి వస్తోంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 28 రాశానన్నావు, హ్యాండోవర్‌లో మాట పడ్డానన్నావు. మధ్యలో ఏం జరిగిందో రాయలేదు. తెల్లవారుజామున ఆ అంకె నీ కంట పడింది, హ్యాండోవర్ పొద్దున ఎప్పటికో. ఈలోగా డ్యూటీ డాక్టర్‌ను లేపావా? లేపి ఉంటే ఉత్తరంలో ఆ ముక్క తప్పకుండా రాసేదానివని నా అనుమానం.

లేపకపోతే మీ ఇన్‌ఛార్జి కోపంలో కొంత న్యాయం ఉంది. ఆవిడ చెప్పిన పరిష్కారం తప్పు, ఆవిడ భయం మాత్రం తప్పు కాదు. చార్టులో 28 అని ఉండి, దాని పక్కన డాక్టర్‌కు చెప్పినట్టు ఒక్క ముక్క లేకపోతే రౌండ్స్‌లో తిట్లు తినేది ఆవిడే. ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఈ 20 కథ చూద్దాం.

నేనూ 20లు రాసినదాన్నే. ట్రైనింగ్‌లో ఉండగా సీనియర్లు రాస్తుంటే చూసి, అదేదో పద్ధతి కాబోలు అనుకున్నాను. కొన్ని వార్డుల్లో 18 రాసేవాళ్ళు, కొన్నిట్లో 22. మా ట్యూటర్ ఒకావిడ జ్వరం, నాడి, ఊపిరి రాసే టీపీఆర్ చార్టు చేతిలోకి తీసుకుని, పేషెంట్ పేరు కూడా చూడకుండా, "ఇది ఫలానా వార్డుది కదూ" అనేది. ఒక్కో వార్డుకు ఒక్కో ఇంటిపేరు ఉన్నట్టు ఒక్కో అంకె ఉండేది మరి. నవ్వుకునేవాళ్ళం. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

తీరిగ్గా కూర్చున్న పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. అంటే మనం అందరికీ పంచిపెట్టే 20 నార్మల్‌కు చివరి గట్టు. 22 మంది రోగుల్లో అందరూ ఆ గట్టు మీదే వరుసగా నిలబడ్డారని రాస్తే, ఆ కాలమ్‌ను ఇక ఏ డాక్టరూ చూడడు. చూడడు కాబట్టి మనమూ లెక్కపెట్టం. మనం లెక్కపెట్టడం లేదని తెలుసు కాబట్టి ఆయన అసలే చూడడు. ఈ చక్రం ఎక్కడ మొదలైందో వెతకడం అనవసరం.

అయితే నాలుగు వైటల్స్‌లో ముందుగా కదిలేది చాలాసార్లు ఈ ఊపిరి లెక్కే. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరినా, రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకినా, షుగర్ పేషెంట్ ఒంట్లో ఆమ్లం పేరుకున్నా, గుండె అలిసిపోయి లంగ్స్‌లో నీరు చేరినా, ఒళ్ళు మొదట చేసే పని ఊపిరి వేగం పెంచడం. బీపీ అప్పటికి బాగానే ఉంటుంది. రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగంగా కొట్టుకుని బీపీని చాలాసేపు నిలబెడతాయి. బీపీ పడిపోయాక పరుగెత్తామంటే ఆలస్యంగా పరుగెత్తినట్టే. "ఆక్సిమీటర్‌లో 96 ఉంది కదా సిస్టర్" అని ఎవరైనా అంటారు. ఉంటుంది. 28 సార్లు ఎగపీలుస్తున్నాడు కాబట్టే ఆ 96 నిలబడింది. అలిసిపోయాక ఆ 96 కూడా జారుతుంది.

రోగి పరిస్థితి ఎంత దిగజారుతోందో వైటల్స్‌కు మార్కులు వేసి చెప్పే న్యూస్ అనే స్కోరు పద్ధతి ఒకటి ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో వాడతారు. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించింది. అందులో ఊపిరి 21 నుంచి 24 ఉంటే 2 మార్కులు, 25కి చేరినా, 8కి దిగినా ఏకంగా 3. ఏ ఒక్క అంశంలోనైనా 3 వచ్చిందంటే డాక్టర్ వచ్చి చూడాల్సిందే. మీ పెద్దాయన 28తో ఆ గీత ఎప్పుడో దాటేశాడు. అదే చార్టులో 20 అని ఉంటే ఆయన మార్కు సున్నా. మనిషి అతనే, మంచం అదే.

లెక్కపెట్టే తీరు కూడా చెప్తాను, బళ్ళో చెప్పినది వార్డుకు వచ్చేసరికి కరిగిపోతుంది కనుక. "తాతా, ఊపిరి లెక్కపెడుతున్నా" అన్నావంటే ఆయన ఊపిరి మారిపోతుంది. కొందరు బిగపడతారు, కొందరు మర్యాదకు గట్టిగా పీలుస్తారు కూడా. మణికట్టు పట్టుకుని నాడి చూడు, నాడి అయిపోయినా చెయ్యి వదలకు, చూపు మాత్రం పొట్ట మీదికో ఛాతీ మీదికో మార్చు. ఆయనకు నువ్వింకా నాడి చూస్తున్నట్టే ఉంటుంది. దుప్పటి మందంగా ఉంటే కాస్త కిందికి లాగు. నిద్రలో ఉంటే ఇంకా మంచిది, లేపకముందే లెక్కపెట్టు. పూర్తిగా ఒక నిమిషం. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించే అలవాటుంది చూడు, అందులో ఒక్క ఊపిరి తప్పితే జవాబులో 4 తేడా వస్తుంది. కొందరు హార్ట్ పేషెంట్లు గబగబా పీల్చి, నెమ్మదించి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, మళ్ళీ మొదలుపెడతారు. నీ 15 సెకన్లు ఆ ఆగిన చోట పడితే 8 వస్తుంది, గబగబా పీల్చేచోట పడితే 36.

ఎప్పుడైనా పిల్లల వార్డులో వేస్తే ఈ అంకెలు దగ్గర పెట్టుకో: రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40. అంతకు చేరినా, దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిమోనియా పట్టుకోవడానికి పెట్టిన గీతలివి. పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టి రాయకు. తల్లి ఒళ్ళో కుదుటపడే వరకు ఆగు.

ఇక "కుదిరే పనేనా" అన్నావు. లెక్క వేసి చూద్దాం. ఇద్దరికీ చెరి 11 మంది. థర్మామీటర్ చంకలో పెట్టి ఆగుతావు కదా, ఆ ఆగిన సమయంలోనే నాడి, ఊపిరి రెండూ అయిపోతాయి. ఆ తర్వాత బీపీ, ఆక్సిమీటర్. మనిషికి నాలుగు నిమిషాలు వేసుకున్నా 44 నిమిషాలు. నీకున్నది రెండు గంటలు. అయితే ఆ రెండు గంటల్లో శాంపిల్స్ తీయాలి, సెలైన్లు మార్చాలి, ఆరింటి ఇంజక్షన్లు కలుపుకోవాలి, మధ్యలో ఎవరో ఒకరు వాంతి చేసుకుంటారు. నాకు తెలియనిది కాదు. అందుకే ఒకటో బెడ్ నుంచి 22 దాకా వరుసగా వెళ్ళకు. హ్యాండోవర్‌లో విన్నప్పుడే ఏ నలుగురైదుగురు తేడాగా ఉన్నారో నీకు తెలుస్తుంది. మొదట వాళ్ళ దగ్గరికి వెళ్ళు. రేపు డిశ్చార్జి అయ్యే కుర్రాడి దగ్గరికి చివర్లో వెళ్ళినా నష్టం లేదు.

అప్పటికీ ఒకరిది చూడలేకపోతే? ఖాళీగా వదిలెయ్యి. పక్కన కారణం రాయి, పగటి డ్యూటీకి వచ్చినవాళ్ళకు నోటితో చెప్పు. ఖాళీ గడి చూస్తే ఎవరో ఒకరు "ఇదేమైంది?" అని అడుగుతారు. చూడకుండా రాసిన 20 ఆ అడిగే నోరు మూయిస్తుంది.

బరువు దగ్గరికి వద్దాం. దీని మీద నాకు కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకో కూడా చెప్తాను.

గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర ఎప్పుడైనా నిలబడ్డావా? రైతు కళ్ళు కాటా మీంచి కదలవు. గోనె బరువు ఎంత తీశారు, తేమకు ఎంత కోశారు, ముల్లు నిలబడకముందే చదివారా అని ప్రతి టిక్కీకీ, అంటే మిర్చి బస్తాకీ, గొడవే. అదే రైతు కాలు వాచి మన దగ్గర పడుకున్నప్పుడు "ఎన్ని కేజీలు ఉంటావు పెద్దాయనా?" అంటే "ఏమోనమ్మా, అరవయ్యో డెబ్భయ్యో" అంటాడు. మనమేమో "65" అని రాసుకుని వెళ్ళిపోతాం. మిరపకాయలకు ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వడం లేదు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. నేను పనిచేసే చోట రాత్రిపూట ఒకాయనను చేర్చారు. కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. గడ్డ పెరగకుండా రక్తాన్ని పలచగా ఉంచే హెపారిన్ మొదలుపెట్టాలి. బరువెంతని కొడుకును అడిగాను. "75 సిస్టర్" అన్నాడు తడుముకోకుండా. అంత ధీమాగా చెప్తే ఎవరికి అనుమానం వస్తుంది? 75 అని రాశాను. కేజీకి 80 యూనిట్ల చొప్పున మొదటి డోసు 6,000 వెళ్ళింది, ఆ తర్వాత గంటకు కేజీకి 18 చొప్పున డ్రిప్. మర్నాడు సాయంత్రానికి చిగుళ్ళ నుంచి రక్తం, యూరిన్ బ్యాగు ఎర్రగా. పెద్ద డాక్టర్ వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "ఈయన్ని ఎవరు తూచారు?" అప్పుడు తూచితే 56. వెళ్ళాల్సిన మొదటి డోసు 4,480. మందు ఆపారు, విరుగుడు ఇచ్చారు, దేవుడి దయవల్ల బయటపడ్డాడు. కొడుకు అబద్ధం చెప్పలేదమ్మా. తండ్రి జబ్బు పడక ముందు 75 ఉండేవాడు. ఆరు నెలలుగా చిక్కిపోతున్న మనిషిని పక్కనే ఉండి చూసేవాడికి ఆ చిక్కిపోవడం తెలియదు. ఆ 75 రాసిన చేతిరాత నాది. ఇప్పటికీ ఎవరైనా తడుముకోకుండా బరువు చెప్తే నాకు గుండె ఝల్లుమంటుంది.

హెపారిన్ ఒక్కటే కాదు. ఆ కోవదే అయిన ఎనాక్సాపరిన్ కేజీకి 1 మిల్లీగ్రాము. గుండెపోటులో గడ్డ కరిగించడానికిచ్చే టెనెక్టెప్లేస్ 60 కేజీల లోపు 30 మిల్లీగ్రాములు, అక్కడి నుంచి ప్రతి పది కేజీలకూ 5 పెరుగుతూ, 90 దాటితే 50 దగ్గర ఆగుతుంది. పిల్లల పారాసెటమాల్ కేజీకి 15 మిల్లీగ్రాములు. డయాలసిస్‌లో ఎంత నీరు తీయాలన్నది నిర్ణయించేదే బరువు. కీమోలో ఎత్తు, బరువు రెండూ కలిపి డోసు కడతారు. లాసిక్స్ ఇచ్చి ఒంట్లో నీరు తీస్తున్న పేషెంటుకు ఆ మందు పనిచేస్తోందా లేదా అని చెప్పే చవకైన పరీక్ష రోజూ పొద్దున తూచడమే. లీటరు నీరు అంటే కేజీ. యూరిన్ కొలత చార్టులో ఎన్నో కారిపోతాయి, ఒలికిపోతాయి, అటెండర్లు చెప్పకుండా పారబోస్తారు. తూకం మాత్రం అబద్ధమాడదు, మిషన్ బాగుంటే.

గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు డిశ్చార్జి అయ్యేటప్పుడు చెప్పి పంపాల్సిన మాట: మూడు రోజుల్లో రెండు కేజీల పైన పెరిగితే కాళ్ళు వాచేదాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. మూడు రోజుల్లో వచ్చేది కొవ్వు కాదు, నీరు. అంతకు ముందు రోజు గోంగూర పచ్చడితో ఎన్ని ముద్దలు తిన్నారని కూడా అడుగు. మన జిల్లాలో ఆ ప్రశ్నకు సూటిగా జవాబు రాదనుకో, అడగడం మాత్రం మానకు.

ఎలా తూచాలి? పొద్దున్నే, బాత్రూమ్‌కు వెళ్ళి వచ్చాక, టిఫిన్‌కు ముందు, రోజూ అదే మిషన్ మీద, ఇంచుమించు అదే బట్టలతో. మిషన్ గట్టి నేల మీద ఉండాలి. పట్టా మీదో కార్పెట్ మీదో పెడితే ఆ అంకె తప్పుతుంది. ఎక్కకముందు సున్నా చూపిస్తోందా? చెప్పులు, శాలువా, జేబులో సెల్‌ఫోను, నడుముకు తాళాల గుత్తి తీసేయాలి. యూరిన్ బ్యాగు ఉంటే ఖాళీ చేయి. కాలికి సిమెంటు కట్టు ఉంటే ఉందని రాయి. నిలబడలేని మనిషి ఒక చేత్తో మంచం పట్టుకుని ఎక్కితే ఆ బరువు మంచం పంచుకుంటుంది. వీల్‌చైర్ ఎక్కించి తూచే వేదిక ఉంటే చైర్‌తో తూచి, ఖాళీ చైర్ బరువు తీసేయి. యార్డులో గోనె బరువు తీసినట్టే. తల్లి బిడ్డనెత్తుకుని ఎక్కి, తర్వాత ఒంటరిగా ఎక్కి తేడా చూసే పద్ధతి కాస్త పెద్ద పిల్లలకు పనికొస్తుంది. నెలల బిడ్డకు వద్దు. పెద్దవాళ్ళ మిషన్ వంద గ్రాములు అటూ ఇటూ అయితే బిడ్డ లెక్కలో అది చాలా పెద్ద తేడా. పసిపిల్లల తూకం మిషనే వాడాలి.

కొన్ని డిజిటల్ మిషన్ల అడుగున కేజీలను పౌండ్లుగా మార్చే చిన్న బటన్ ఉంటుంది. తుడిచేటప్పుడు చెయ్యి తగిలి మారిపోతుంది. 60 కేజీల మనిషికి 132 చూపిస్తే ఎలాగూ పట్టుకుంటావు. 30 కేజీల పిల్లవాడికి 66 చూపిస్తే హడావిడిలో రాసేసే ప్రమాదం ఉంది.

మిషన్ సరిగ్గా ఉందా అని చూడటానికి నాకు తెలిసిన మొరటు ఉపాయం ఒకటి చెప్తాను. క్యాంటీన్‌లో సీలు విప్పని 25 కేజీల బియ్యం బస్తాలు ఉంటాయి. ఒకటి పెట్టు, తర్వాత రెండు పెట్టు. 25, 50కి కాస్త అటూ ఇటూ రావాలి. రెండు కేజీలు తేడా వస్తే ఆ మిషన్‌ను నమ్మకు, రిపేరుకు పంపమని రాసివ్వు. ఇది అసలైన పరీక్షకు బదులు కాదు. ముద్ర వేసిన తూకం రాళ్ళతో ఏటా చూపించాల్సిందే. కూరగాయల కొట్టు కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా అని చూసే ఊరు మనది.

మీ మిషన్‌ను పైకి తెప్పించడం నీ చేతిలో లేదని తెలుసు. అప్పటిదాకా రెండు పనులు చెయ్యి. నడవగలిగిన పేషెంటును ఓపీ నుంచి వార్డుకు పంపే ముందే తూచి, చీటీ మీద రాసి పంపమని కింది సిస్టర్‌తో మాట్లాడుకో. తూచడం కుదరని మనిషికి అడిగి రాస్తే, అంకె పక్కన "పేషెంట్ తరఫువాళ్ళు చెప్పినది, తూచలేదు" అని రాయి. డోసు కట్టే డాక్టర్‌కు ఆ రెండు మాటలు చాలు, తూచమని ఆయనే అంటాడు. నువ్వు పది ఉత్తరాలు పెట్టినా రాని మిషన్ ఆయన ఒక్కమాట అంటే వస్తుంది. మన ఆస్పత్రుల్లో పనులు అలాగే జరుగుతాయి మరి.

బీపీ గురించి నువ్వు అడగలేదు గానీ, 20 రాసే చోట 120/80 కూడా రాస్తుంటారని నాకు తెలుసు. ఒక చార్టులో అంకెలన్నీ సున్నాతోనే ముగుస్తున్నాయంటే ఎవరో ఉజ్జాయింపుగా రాస్తున్నారు. చేతితో చూసే బీపీ మిషన్ మీద గీతలు 2 చొప్పున ఉంటాయి, 134 వస్తే 134 రాయి. గాలి సెకనుకు 2 చొప్పున దించాలి, బుస్సుమని వదిలితే మొదటి చప్పుడు దాటిపోతుంది. ఆ చప్పుళ్ళను 1905లో కొరోట్కాఫ్ అనే రష్యన్ సర్జన్ చెప్పాడు. అప్పటి నుంచీ మన చెవులు వాటి కోసమే. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. కఫ్ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా రావాలి. మెట్లెక్కి వచ్చిన మనిషికి అయిదు నిమిషాలు విశ్రాంతి ఇవ్వు. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. చూస్తున్నప్పుడు మాట్లాడించకు. మనమే మాట్లాడిస్తాం, "ఏం తిన్నారు బామ్మగారూ" అంటూ. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన (ఫిస్టులా ఉన్న) చేతికి కఫ్ పెట్టకు. నాడి అడ్డదిడ్డంగా ఉంటే ఆటోమేటిక్ మిషన్‌ను నమ్మకుండా స్టెతస్కోప్‌తో చూడు, నాడి కూడా నిమిషం పూర్తిగా లెక్కపెట్టు. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయనే పెద్దవాళ్ళకు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకటి, మూడు నిమిషాల దగ్గర మళ్ళీ చూడు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే డాక్టర్‌కు చెప్పాలి. బాత్‌రూమ్‌లో పడి తుంటి విరగ్గొట్టుకునేది వీళ్ళలోనే ఎక్కువ.

జ్వరం సంగతి తొందరగా చెప్పేస్తాను. చంకలో చూశావా, నోట్లో చూశావా అన్నది రాయి, చంకలో అర డిగ్రీ నుంచి డిగ్రీ దాకా తక్కువ చూపిస్తుంది. చెమట తుడిచి పెట్టు. కాఫీ తాగిన నోట్లో వెంటనే పెట్టకు. పాత పాదరసం థర్మామీటర్ ఎక్కడైనా మిగిలి ఉంటే, మన మే నెల ఎండకు కిటికీ దగ్గర పెట్టినది పేషెంటును ముట్టుకోకముందే జ్వరం చూపిస్తుంది. విదిలించి చూసుకో. అందరికీ రాసే 98.6 మాత్రం జర్మనీలో వుండర్లిక్ అనే డాక్టర్ 1868లో వేలమందిని చూసి కట్టిన సగటు. సగటు ఒక్కో మనిషికీ రావాలని లేదు. టైఫాయిడ్‌లో జ్వరం 103 ఉన్నా నాడి అంతగా పెరగదు. చార్టులో నిజమైన అంకెలుంటే ఆ తేడా డాక్టర్ కంటికి కనపడుతుంది. 98.6, 72 అని అచ్చుగుద్దితే కనపడదు.

ఆక్సిమీటర్‌కు ముదురు నెయిల్ పాలిష్, నల్లగా పెట్టుకున్న మెహందీ అడ్డు. ఎర్రగా పండిన మామూలు గోరింటాకు పెద్దగా ఇబ్బంది పెట్టదు. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చచెయ్యి. 96 అని మాత్రమే రాయకు. మామూలు గాలి మీద 96 వేరు, 4 లీటర్ల ఆక్సిజన్ మీద 96 వేరు.

రాయడం మంచం దగ్గరే జరగాలి. అరచేతిలో, గ్లవ్ మీద, టిష్యూ ముక్క మీద రాసుకుని స్టేషన్‌కు వచ్చి ఎక్కిస్తే 14వ బెడ్ బీపీ 15లోకి పోతుంది. సమయం చూసిన సమయమే వేయి. అందరికీ వరుసగా "6.00" అని వేస్తారు చూడు, ఒకే నిమిషంలో 22 మందిని చూసిన నర్సు లోకంలో లేదు. తప్పు రాస్తే ఒకే గీత కొట్టు, కింద అంకె కనపడాలి. పక్కన సరైనది రాసి, సంతకం, సమయం. వైట్నర్ వద్దు, గీతల మీద గీతలు వద్దు. ఇంకొకరు రాసినది నువ్వు దిద్దకు, నువ్వు రాసినది ఇంకొకరిని దిద్దనివ్వకు. కంప్యూటర్‌లో ఎక్కించే చోట నిన్నటి అంకెలను కాపీ చేసే సౌకర్యం ఉంటుంది. దాని జోలికి పోకు. పేషెంట్ తరఫువాళ్ళు అడిగితే రికార్డు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అది వకీలు చేతికి వెళ్తే మొదట చూసేది దిద్దుబాట్లనే. మీ ఇన్‌ఛార్జికి ఈ ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పినా "మార్చెయ్" అనే మాట ఇంకోసారి అనరు.

ఇప్పుడు ఆవిడ దగ్గరికి. హ్యాండోవర్‌లో అందరి ముందు వాదించకు. టీ తాగే వేళ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళు. "సిస్టర్, నాకు ఊపిరి లెక్కపెట్టడంలో అనుమానంగా ఉంది, ఒక్కసారి నాతో పాటు మీరూ లెక్కపెడతారా" అని అడుగు. తల్లీ, ఇది నటన కాదు, సీనియర్ దగ్గర నేర్చుకోవడం ఎప్పుడూ తప్పు కాదు. ఒకే పేషెంటు దగ్గర ఇద్దరూ నిమిషం నిలబడి, ఆవిడ లెక్కలోనూ 26 వస్తే, ఆ రోజు ఆవిడ పెన్ను కూడా 20 రాయడానికి మొరాయిస్తుంది. తర్వాత ఇంకో మాట చెప్పు, "ఇక నుంచి అంకె తేడాగా ఉంటే రాత్రే డాక్టర్‌కు చెప్పి, చెప్పినట్టు రాసి పెడతాను, పొద్దున మిమ్మల్ని ఎవరూ అడగరు" అని. ఆవిడకు కావలసింది అదే.

ఫోన్‌లో ఎలా చెప్పాలి? "సార్, ఒక పేషెంట్ బాగాలేడు" అంటే నిద్రలో ఉన్న పీజీ డాక్టర్ "పొద్దున చూద్దాం" అంటాడు. అంకెలు చెప్పు: "సార్, 9వ బెడ్, నిమోనియాతో చేరిన పెద్దాయన. రాత్రి పదింటికి ఊపిరి 20, ఇప్పుడు 28, నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. మామూలు గాలి మీద 93. పల్స్ 112, బీపీ 126/74. మీరు వచ్చి చూడాలి." ఆ తర్వాత చార్టులో: 4.40కి చూశాను, 4.45కి డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేశాను, ఆయన ఏమన్నాడు, 5.10కి మళ్ళీ చూస్తే ఎంత. మూడు లైన్లు. రాకపోతే మళ్ళీ చెయ్యి, అప్పటికీ రాకపోతే ఆయన పై డాక్టర్‌కు చెయ్యి, ఆ ఫోన్లూ రాయి. తిడితే తిట్టనీ, నిద్ర లేపినందుకు ఎవరూ ఉద్యోగం తీసేయరు. ఆ రాత్రి పదింటి 20 కూడా ఎవరో నిజంగా చూసి రాసిందే అయితే ఆ ఫోన్ ఇంకా బలంగా ఉంటుంది, లేకపోతే "పెరిగింది సార్" అనడానికి నీకు ఆధారం ఏముంది?

ఆ పెద్దాయన ఇప్పుడెలా ఉన్నాడో ఉత్తరంలో లేదు. తెలిస్తే రాయి.